పక్క ఫ్లాట్ పేషెంటు

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. పోయిన నెల పామర్‌స్టన్ నార్త్‌లో హాతిం అంకుల్ సంతాప సభకి వెళ్ళి ఆ చారెడు కళ్ళు ఎలా ఉంటాయో చూసి వచ్చాను. హాతిం అంకుల్ ఇరాక్ నుంచి వచ్చిన నటుడు. నా పదిహేనో ఏట మా పక్క ఫ్లాట్‌లో ఉండేవాడు. ఆ ఊరి డ్రామా క్లబ్బు వాళ్ళు హాలు నిండా కుర్చీలు వేసి, ఆయన ఫొటోని తలుపంత పెద్దది చేసి నిలబెట్టారు. ఫొటోలో ఆయన చేతిలో తుపాకీ ఉంది, ఏదో సినిమాలోది. మనిషి పోయాక పెట్టడానికి తుపాకీ లేని ఫొటో ఒక్కటి దొరకలేదు వాళ్ళకి. దాని కింద మాత్రం శ్రద్ధగా తెల్లపూలు పేర్చారు. నాకు నవ్వొచ్చి, దగ్గొచ్చినట్టు నటించాను. ముత్యాల దండ వేసుకున్న క్లబ్బు పెద్దావిడ మైకు ముందుకి వచ్చి, "హాతిం ఏ శిక్షణా లేకుండా మా దగ్గరికి వచ్చాడు. మేం ఆయనకి వేదిక ఇచ్చాం" అని కళ్ళు తుడుచుకుంది. ఏం వేదిక ఇచ్చారో నాకు తెలుసు. ఒక ఏడాది ఈటె పట్టుకుని రాజుగారి వెనక నిలబడే భటుడు. ఇంకో ఏడాది దీపాలమ్మేవాడు, మాటల్లేవు. మరో ఏడాది ఒంటె వెనక కాళ్ళు. ముందు కాళ్ళు బ్యాంకు మేనేజరుకి ఇచ్చారు.

ఆవిడ చివర్లో, "ఆయన్ని దగ్గరగా ఎరిగినవాళ్ళు ఎవరైనా రెండు మాటలు చెప్తారా?" అని అడిగింది. నేను టీతో పాటు ఇచ్చిన స్కోన్ రొట్టెని చేతిలో పట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాను. నోరు కట్టేస్తే కడుపుబ్బి చస్తానని ఇంట్లో పేరున్నదాన్ని, లేవలేదు. అమ్మయితే సభకే రాలేదు. ఫోన్ చేస్తే, "నాకు డ్యూటీ ఉందే. అయినా ఆయన మనకేం తెలుసని?" అంది. పదమూడేళ్ళయినా అమ్మ ఆ మాట మీదే ఉంది. ఆక్లాండ్‌కి తిరిగి వస్తూ దారి పొడుగునా కారులో ఒక్కదాన్నే తిట్టుకుంటూ డ్రైవ్ చేశాను. మొదట డ్రామా క్లబ్బుని తిట్టాను, తర్వాత మా చర్చివాళ్ళని. హామిల్టన్ దాటేసరికి తిట్టడానికి మేమే మిగిలాం.

అప్పట్లో మాది ఒక వరసలో నాలుగు ఫ్లాట్లున్న చోట మూడోది. ఆయనది నాలుగోది. రెండింటికీ వెనక పెరడు ఒకటే, బట్టలారేసుకునే తీగ ఒకటే. ఆ ఊళ్ళో గాలి ఎలాంటిదంటే, పొద్దున ఆరేసిన దుప్పటి సాయంత్రానికి ఎవరింట్లో ఉంటుందో చెప్పలేం. అమ్మ భీమవరం దగ్గర మిషన్ ఆసుపత్రిలో పధ్నాలుగేళ్ళు నర్సుగా చేసి వచ్చింది. ఇక్కడ మాత్రం ముసలివాళ్ళ హోమ్‌లో కేర్‌గివర్. నర్సు అవ్వాలంటే ఇక్కడి పరీక్ష పాసవ్వాలి. నాన్న మాంసం ఫ్యాక్టరీలో తెల్లవారుజాము షిఫ్టు. మధ్యాహ్నం మూడింటికి ఇంటికొచ్చి, స్నానం చేసి, హీటర్ ముందు కూర్చుని అలాగే నిద్రపోయేవాడు. నేను స్కూలు నుంచి వచ్చేసరికి ఇంట్లో మూడు వాసనలు ఉండేవి: అమ్మ ఆసుపత్రి సబ్బు, నాన్న ఒంటిమీద ఎంత తోమినా పోని ఫ్యాక్టరీ వాసన, గోడ అవతల నుంచి హాతిం అంకుల్ ఎండు నిమ్మకాయలు వేసి మరిగించే టీ. నల్లగా, రాయిలా ఎండిపోయిన నిమ్మకాయలు. వాటిని తలుపు సందులో పెట్టి చితక్కొట్టేవాడు. ఆ శబ్దం వింటే టైం నాలుగైందని మాకు తెలిసేది.

చర్చిలో ఆంటీలు అమ్మకి మొదట్లోనే చెప్పారు. "ఇరాకాయనంట కదా సిస్టర్. ఆడపిల్లుంది. తలుపులేసుకుని ఉండండి" అని. వీళ్ళందరూ దేవుడు అందర్నీ సమానంగా చేశాడని ప్రతి ఆదివారం పాడేవాళ్ళే. అమ్మ తలుపు వేసుకునే ఉండేది. ఒకరోజు ఎండుచేపలు వేయిస్తుంటే ఆ తలుపు ఎవరో తట్టారు. మొదటి ఫ్లాట్ ఆవిడ వాసనకి గొడవకొచ్చిందనుకుని అమ్మ కొంగు సర్దుకుని, సారీ చెప్పడానికి మొహం సిద్ధం చేసుకుని తీసింది. ఎదురుగా హాతిం అంకుల్. పొట్టిగా, బట్టతలతో, పెద్ద ముక్కుతో, చేతిలో ఖాళీ ప్లేటుతో నిలబడ్డాడు.

"ఏం చేప ఇది సిస్టర్?" అన్నాడు. "మా ఊరి నది ఒడ్డున ఇదే వాసన వస్తుంది. పదేళ్ళ నుంచి ఈ వాసన తగల్లేదు."

ఆయనది ముక్కల ఇంగ్లీషు, మాదీ ముక్కల ఇంగ్లీషు. అతికించుకుని మాట్లాడుకునేవాళ్ళం. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. అమ్మ ప్లేటు నిండా పెట్టింది. అలా మొదలైంది. ఆ తర్వాత వారంలో మూడు రోజులైనా ఆయన మా వంటింటి స్టూలు మీదే ఉండేవాడు. కూర బాగుంటే గిన్నె రొట్టెతో తుడిచి తినేవాడు, బాగోకపోతే బాగోలేదనేవాడు. మా చుట్టాల్లో ఒక్కరికీ ఆ ధైర్యం లేదు.

ఆయన జీవితం నేను ఆ స్టూలు దగ్గరే విన్నాను. బస్రా అవతల నది ఒడ్డున చిన్న ఊరు. వాళ్ళ నాన్న తోపుడు బండి మీద ఐసు గడ్డలు తీసుకెళ్ళి సినిమా హాలుకి వేసేవాడు. పై కప్పు లేని హాలు, చుట్టూ ఎత్తు గోడ. ఈయన ఆ గోడ బయట, గోనెపట్టా కప్పిన ఐసు మీద కూర్చునేవాడు. టిక్కెట్టు లేదు, బొమ్మ కనబడదు, మాటలు మాత్రం వినబడతాయి. మొత్తం సినిమా గోడకి చెవి పెట్టి విని, ఇంటికొచ్చి వాళ్ళమ్మకి చేసి చూపించేవాడట. "నేను ఎవరి మొహమూ చూడలేదు కదా, మొహాలు నేనే తయారుచేసుకున్నాను" అనేవాడు. పెద్దయ్యాక బాగ్దాద్ వెళ్ళి నటన నేర్పే బడిలో చేరబోతే, స్కూలు సర్టిఫికెట్ లేదని గేటు దగ్గరే పంపేశారు. వెనక్కి వెళ్ళడానికి సిగ్గేసి ఆ ఊళ్ళోనే ఉండిపోయాడు. రోజూ పెద్దాసుపత్రి వరండాలో రోగుల లైన్లో కూర్చునేవాడు, జబ్బేం లేకుండానే. కడుపునొప్పివాడు ఎలా కూర్చుంటాడు, బిడ్డ పోయినామె ఎక్కడ చూస్తుంది, డాక్టరు పిలిచేసరికి భయంతో నొప్పి ఎలా మర్చిపోతారు, ఇవన్నీ అక్కడే చూశాడు. "అదే నా కాలేజీ. ఫీజు లేదు. రోజంతా క్లాసులే" అనేవాడు.

తర్వాత నాటకాల్లో కుర్చీలు మోశాడు, కుర్చీలు మోసేవాడి వేషం వేశాడు, ఒకడికి జ్వరమొస్తే వాడి వేషం వేశాడు. ఒక టీవీ సీరియల్లో ఉల్లిపాయ కొరుక్కుంటూ అందరి మీదా చాడీలు చెప్పే టీ కొట్టువాడిగా చేస్తే, ఊరు ఊరంతా ఆ పేరుతోనే పిలిచారట. ట్రాఫిక్ పోలీసు కూడా బండి ఆపి, "ఏరా, ఇవాళ ఎవరి మీద చెప్తున్నావ్?" అని అడిగేవాడట. తర్వాత యుద్ధాలు, హాళ్ళు మూతపడటం, నటులు రోడ్డు పక్కన సిగరెట్లు అమ్ముకోవడం. ఈ భాగం మాత్రం గబగబా చెప్పి టీ తాగేసేవాడు. పక్క దేశంలోని అమ్మాన్ నగరానికి వెళ్ళి, అక్కడ ఏళ్ళ తరబడి శరణార్థి కాగితాల కోసం ఎదురుచూసి, చివరికి మా పక్క ఫ్లాటుకి చేరాడు.

ఇక్కడ ఆయన్ని సినిమావాళ్ళు పిలిచేవాళ్ళు, లేదని ఎలా అంటాను. ఏడాదికి ఒకసారో రెండుసార్లో ఆక్లాండ్ నుంచి ఫోనొచ్చేది. తొమ్మిది గంటలు బస్సులో కూర్చుని వెళ్ళేవాడు. అక్కడ గడ్డం అతికించి, తుపాకీ ఇచ్చి, "మీ భాషలో ఏదో ఒకటి గట్టిగా అరవు" అనేవాళ్ళు. ఏం అరవాలో రాసిచ్చే ఓపిక కూడా లేదు. ఒకసారి ఈయన తుపాకీ ఊపుతూ వాళ్ళ ఊరి కూరలబండివాడి కేక పెట్టాడట: "లేత బెండకాయలమ్మా, ముదరనివ్వలేదు, గిచ్చి చూసుకోండి, గిచ్చి చూసుకోండి." డైరెక్టరు లేచి చప్పట్లు కొట్టి, "భయం వేసింది" అన్నాడట. మా ఇంట్లో ఆ కేక వేసి చూపిస్తే నాన్న నిద్రలోంచి లేచి మరీ నవ్వాడు. నేను అంకుల్‌తో కలిసి నవ్వుతూనే ఆయన మొహం చూశాను. ఆయన కూడా నవ్వాడు, కానీ అందరికంటే ముందు ఆపేశాడు.

"ఈ దేశంలో ఏడుసార్లు చచ్చాను దీవెనా. ఒక్కసారి కూడా అన్నం తినే సీను ఇవ్వలేదు" అన్నాడు.

మంచి వేషం ఆయనకి సినిమాలో దొరకలేదు, నర్సులకి పరీక్ష పెట్టే ట్రైనింగ్ సెంటర్‌లో దొరికింది. అక్కడ పరీక్షకి నిజం రోగులు ఉండరు. రోగుల్లా నటించేవాళ్ళు మంచం మీద పడుకుంటారు, పరీక్ష రాసేవాళ్ళు వచ్చి వాళ్ళని చూడాలి. ఒక కాగితం ఇస్తారు: పేరు విల్సన్, వయసు అరవై ఒకటి, ఛాతీలో నొప్పి, భార్య పోయింది, ఇంట్లో కుక్క ఉంది. హాతిం అంకుల్ ఆ కాగితాన్ని మాకు చూపించిన రోజు నాకు బాగా గుర్తుంది. బైబిల్లా రెండు చేతులతో పట్టుకున్నాడు. ఈ దేశంలో మొదటిసారి ఆయన వేషానికి ఒక పేరు ఉంది, పోయిన పెళ్ళాం ఉంది, మాటలు ఉన్నాయి. కుక్క పేరేంటని సెంటర్లో అడిగితే, "అది అవసరం లేదు" అన్నారట. "వాళ్ళకి అవసరం లేదు. అతనికి అవసరం. కుక్కని ఏమని పిలుస్తాడు మరి?" అని ఈయనే ఒక పేరు పెట్టుకున్నాడు. ఇరవై నిమిషాల వేషం కోసం పది రోజులు పెరట్లో ఛాతీ పట్టుకుని తిరిగాడు. మొదటి ఫ్లాట్ ఆవిడ రెండుసార్లు అంబులెన్స్‌కి ఫోన్ చేయబోయింది.

మా అమ్మ అప్పటికి ఆ పరీక్ష రెండుసార్లు తప్పింది. మూడు ఛాన్సులే ఇస్తారు. మూడోది పోతే అమ్మ వీసా పోతుంది, దాంతో నాన్న ఉద్యోగం పోతుంది, నా స్కూలు పోతుంది, పెట్టెలు సర్దుకోవడమే. అమ్మకి పని రాక తప్పిందంటే నేను ఒప్పుకోను. మిషన్ ఆసుపత్రిలో ఒక్కతే అరవై మంచాలు చూసింది. ఆమె సూది గుచ్చితే గుచ్చినట్టు తెలియదు. కానీ రోగి, "నాకేమైనా అవుతుందా సిస్టర్?" అని అడిగితే మన దగ్గర నర్సులందరూ ఏమంటారో అమ్మ కూడా అదే అనేది: "ఏం కాదు, ఊరుకో, ప్రార్థన చేసుకో." అసలు విషయం బయటికెళ్ళి కొడుక్కో అల్లుడికో చెప్తారు. మన దగ్గర అది దయ. ఇక్కడ దానికి సున్నా మార్కులు. రెండుసార్లూ అక్కడే తప్పిందని అమ్మకి తెలియనే తెలియదు. తన ఇంగ్లీషు బాగోలేదని రాత్రీ పగలూ గ్రామర్ పుస్తకం చదివేది.

హాతిం అంకులే కనిపెట్టాడు. ఒకరోజు మా సోఫా మీద పడుకుని, నాన్నని పక్కన నిలబెట్టి, "రా సిస్టర్ రత్నం. నేను విల్సన్. వీడు నా కొడుకు" అన్నాడు. అమ్మ సిగ్గుపడుతూ వచ్చింది. ఆయన ఛాతీ పట్టుకుని, ఆ క్షణంలోనే పదేళ్ళు పెద్దవాడైపోయి, "నేను చచ్చిపోతున్నానా?" అని అడిగాడు.

"అయ్యో, ఏం కాదు, ఏం కాదు" అని అమ్మ ఆయన చెయ్యి తట్టి, నాన్న వైపు తిరిగి, "బాబూ, ఒకసారి బయటికి రా" అంది.

హాతిం అంకుల్ లేచి కూర్చున్నాడు. "ఎక్కడికి తీసుకెళ్తున్నావు వాణ్ణి? గుండె నాది కదా."

"మరి మొహం మీద చెప్పేస్తారా ఎవరైనా? పాపం కాదూ?" అంది అమ్మ.

"నువ్వు చెప్పకపోతే నాకు తెలియదనుకున్నావా? నేను భయంతో ఉన్నాను, నువ్వు అబద్ధంతో ఉన్నావు. ఇంక నాకెవరున్నారు?"

నాన్న అంతసేపూ నిలబడి, "నేను కొడుకునా, పోనా? కాళ్ళు లాగుతున్నాయి" అన్నాడు.

అలా మూడు నెలలు సాగింది. ఆయన సోఫా మీద రకరకాలుగా చచ్చేవాడు. అమ్మ "ఏం కాదు" అనకుండా ఉండటం నేర్చుకునేది. అది ఎంత కష్టమో చెప్పలేను. నోటి చివరి దాకా వచ్చి మింగేసేది. "మీకు దేని గురించి భయంగా ఉంది?" అని అడగాలట, అడిగి నోరు మూసుకుని వినాలట. ఒకసారి అలా అడిగితే ఆయన విల్సన్‌గా మొదలుపెట్టి, మధ్యలో ఎవరిగా మాట్లాడుతున్నాడో మాకు అర్థం కాలేదు. గోడ అవతల సినిమా నడుస్తుంటే తను బయట ఐసు మీద ఉండగానే సినిమా అయిపోతుందేమోనని భయం అన్నాడు. అమ్మ నోరు మూసుకుని వింది. ఆ రోజు ఆయన, "ఇవాళ పాసయ్యావు" అన్నాడు.

సెంటర్లో ఒక రూలుంది. నటించేవాళ్ళకి పరీక్ష రాసేవాళ్ళు ముందే తెలిసుంటే చెప్పేసి తప్పుకోవాలి. మా అమ్మ పరీక్ష రోజున తనని పిలవొద్దని ఈయన ముందే ఏదో సాకు చెప్పుకున్నాడు. ఆ రోజు పొద్దున ఇంకో నటుడికి జ్వరమొచ్చి ఈయన్నే పిలిచారు. అమ్మ వచ్చేది మధ్యాహ్నం అనుకున్నాడు. వాళ్ళు వేళ మార్చేసి అమ్మని పొద్దునకే వేశారు. అమ్మ తెర తీసేసరికి మంచం మీద ఈయన. మూల కుర్చీలో పరీక్షకురాలు. ఆ క్షణం ఆయన నోరు తెరిచి, "ఈవిడ నాకు తెలుసు" అంటే పరీక్ష ఇంకో నెలకి వాయిదా. అప్పటికి మా వీసా ఉండదు. ఆయన నోరు తెరిచి, "నాకు ఊపిరాడటం లేదు" అన్నాడు. కనికరించలేదని అమ్మ తర్వాత చెప్పింది. ఇంట్లో ఎప్పుడూ అడగని ప్రశ్నలు అడిగాడట, కుక్క గురించి ఏడ్చాడట. నిజంగా కన్నీళ్ళు. అమ్మ ఒక్కసారి కూడా "ఏం కాదు" అనలేదు. పాసైంది.

ఇక్కడి దాకా అందరూ మంచివాళ్ళే. ఇక్కడి నుంచి నా సంగతి చెప్పాలి.

మా తెలుగు చర్చి ఒక స్కూలు హాల్లో జరిగేది. మంచి జరిగితే ఆదివారం లేచి అందరి ముందూ సాక్ష్యం చెప్పాలి. వీసా వచ్చినా, కారు కొన్నా, కడుపునొప్పి తగ్గినా సాక్ష్యమే. చెప్పకపోతే దేవుడి మేలు దాచుకున్నట్టు. అమ్మ లేచి నిలబడింది. ఆమె మాటకారి కాదు. "దేవుడు నాకు నర్సు పరీక్షలో జయమిచ్చాడు, వందనాలు" అని కూర్చోబోయింది. పక్కన నేనున్నాను కదా. ఇంత గొప్ప కథ ఇంత పొట్టిగా చెప్తే ఎలా అని నా ప్రాణం కొట్టుకుంది. ఇన్నాళ్ళూ తలుపులేసుకోండి తలుపులేసుకోండి అన్న ఆంటీలు ఆయనెంత మంచివాడో వినొద్దా అనుకున్నాను. అమ్మ కొంగు లాగి, "హాతిం అంకుల్ గురించి చెప్పమ్మా" అన్నాను. అమ్మ తడబడితే నేనే లేచి మిగతాది చెప్పేశాను. సోఫా, విల్సన్, మూడు నెలలు, తెర తీస్తే మంచం మీద ఆయనే ఉండటం, అంతా. "దేవుడే ఆయన్ని ఆ మంచం మీద పడుకోబెట్టాడు" అని కూడా అన్నాను. హాలంతా హల్లెలూయా అంది. నాకు గాల్లో తేలినట్టుంది.

తర్వాత టీ దగ్గర సెలీనా ఆంటీ వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుంది. ఆమె చెల్లెలు మా వీధి చివర ఇంట్లోనే ఉండేది, అదే రోజు పరీక్షకి వెళ్ళి తప్పింది.

"ఎంత సంతోషం వదినా. ఆ పేషెంటు మీ పక్కింటాయనేనన్నమాట" అంది తేనె కారుతున్న గొంతుతో.

"అవునాంటీ, పక్క ఫ్లాటే. రోజూ మా ఇంట్లోనే ఉంటారు" అన్నాను నేను. అడక్కపోయినా.

నాలుగు రోజులకి సెంటర్ నుంచి ఉత్తరం వచ్చింది. ఎవరో ఫిర్యాదు చేశారు, అమ్మ వచ్చి మాట్లాడాలి, రుజువైతే పాసైంది చెల్లదు. ఎవరని మేం అడగలేదు. తర్వాతి ఆదివారం సెలీనా ఆంటీ మా కోసం కన్నీళ్ళతో ప్రార్థన చేసింది. అలాంటి ప్రార్థనలు ఏ ఆకాశానికి చేరతాయో నాకు తెలియదు, మా చర్చి హాలు పైకప్పు దాటి వెళ్ళి ఉండవు.

అమ్మకి తోడుగా, మాట సాయానికి నేను వెళ్ళాను. ఒక గదిలో తెల్లజుట్టు పెద్దాయన, కళ్ళద్దాల ఆవిడ కూర్చున్నారు. వాళ్ళ మర్యాద చూస్తే భయమేసింది. ముందు మంచినీళ్ళిచ్చారు, వాతావరణం గురించి మాట్లాడారు. తర్వాత హాతిం అంకుల్‌ని పిలిచారు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి మా ఎదురుగా కూర్చున్నాడు.

"ఈవిడ మీకు తెలుసా?" అని కళ్ళద్దాలావిడ అడిగింది.

ఆయన అమ్మ వైపు తిరిగాడు. బస్సులో ఎదురు సీటువాళ్ళని చూస్తాం చూడండి, చూస్తూనే మర్చిపోతాం, అలా చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నేను ఆయనకి మొబైల్లో ఉర్రూతలూగించే పాటలు పెట్టి వినిపించినదాన్ని, ఆయన నాకు లెక్కల హోంవర్కులో తప్పులు చెప్పినవాడు. ఒక్క క్షణం నాకే అనుమానం వచ్చింది, మేం ఈయనకి నిజంగా తెలుసా అని.

"పక్క ఫ్లాట్లో ఎవరో ఇండియన్ ఆడవాళ్ళున్నారు. ఈవిడేనా? చెప్పలేను" అన్నాడు. భుజాలెగరేశాడు. "నాకు వీళ్ళందరూ ఒక్కలాగే కనబడతారు."

పెద్దాయన మొహం ఎర్రబడింది. ఆవిడ కాగితాల్లోకి చూసుకుంది. అలా అనకూడదని చెప్పడానికి నోరు తెరిచి, చెప్పకుండా మూసింది. కానీ నమ్మారు. నేను కళ్ళారా చూశాను, ఇద్దరి భుజాలూ ఒకేసారి కిందికి దిగాయి. తెలుసు గానీ సాయం చెయ్యలేదని ఆయన అనుంటే వంద ప్రశ్నలు అడిగేవాళ్ళు. ఆ ఒక్క మొరటు మాటకి ఒక్క ప్రశ్న కూడా రాలేదు. అది వాళ్ళ కడుపులో ఎప్పట్నుంచో ఉన్న మాటే కదా. వేరేవాడు పైకి అనేసరికి అబద్ధమై ఉంటుందని వాళ్ళకి తట్టలేదు. గోడ బయట కూర్చుని మనుషుల్ని నేర్చుకున్నవాడికి ఇద్దరు మర్యాదస్తులు ఎంత.

"మీరు ఆవిడకి నేర్పారని చర్చిలో చెప్పిందట" అన్నాడు పెద్దాయన.

"నేను బట్టలారేసే చోట కనబడినవాళ్ళందరితో నా ఉద్యోగం గురించి వాగుతాను. విన్నారేమో. వాళ్ళకి ఏది జరిగినా దేవుడు పంపినట్టే. నన్ను కూడా పంపాడనుకున్నారేమో" అన్నాడు, మమ్మల్ని చూసి కాస్త ఎగతాళిగా నవ్వుతూ. ఆ నవ్వు గుచ్చుకుంది. నటనని తెలిసీ గుచ్చుకుంది.

అప్పుడు అమ్మని అడిగారు. అమ్మకి పరీక్షలో కూడా అంత చెమట పట్టి ఉండదు. "పక్కింటాయన, అంతే" అంది. నేను జీవితంలో నోరు మూసుకోవాల్సిన ఆదివారం మూసుకోలేదు, తెరవాల్సిన శుక్రవారం తెరవలేదు.

అమ్మ పాసైంది పాసైనట్టే ఉంచారు. ఆయన్ని మాత్రం, పరీక్ష సంగతులు బయట వాగుతున్నాడని, జాగ్రత్త కోసమని ఇంక పిలవలేదు. విల్సన్ వేషం ఇంకెవరికో ఇచ్చారు. ఆయన మళ్ళీ తుపాకీలకీ ఒంటెకీ వెళ్ళిపోయాడు. అమ్మకి ఆక్లాండ్‌లో ఉద్యోగం వచ్చి, మేం అక్కడ బోటనీ అనే పేటకి మారే దాకా ఎనిమిది నెలలు అదే గోడకి ఇవతల ఉన్నాం. ఆ ఎనిమిది నెలలూ ఆయన మమ్మల్ని గుర్తుపట్టలేదు. తీగ దగ్గర ఎదురుపడితే మామూలు పక్కింటివాళ్ళలా తల ఊపేవాడు. వీధి చివర కిటికీలోంచి చూసేవాళ్ళుంటారని ఆయనకి మాకంటే బాగా తెలుసు. ఇప్పుడు మాకు సొంత ఇల్లుంది, గాలి లోపలికి రాని అద్దాల కిటికీలున్నాయి, అమ్మ కింద కొత్త నర్సులు పనిచేస్తారు. రోగుల దగ్గర అబద్ధం ఆడకూడదని అమ్మ వాళ్ళకి నేర్పుతుంది. ఎవరి దగ్గర నేర్చుకుందో చెప్పదు. సెలీనా ఆంటీ క్రిస్మస్‌కి మా ఇంటికి కేకు తెస్తుంది, మేం తింటాం. అప్పుడు మాకు ఏమీ లేదు, ఆయన స్టూలు మీద కూర్చునేవాడు. డ్రామా క్లబ్బుని వెక్కిరించడానికి నాకు ఏ మొహం ఉంది? వాళ్ళు కనీసం ఆయన తెలుసని హాలు నిండా మనుషుల ముందు చెప్పుకున్నారు.

ఆ శుక్రవారం సంగతి మాత్రం చెప్పి ఆపేస్తాను. సెంటర్ నుంచి వచ్చి అమ్మ చెప్పులైనా విప్పకుండా పొయ్యి వెలిగించింది. కోడి పలావు చేసింది, జీడిపప్పు కూడా వేసింది. ఒక పెద్ద గిన్నెలో సర్ది, మూత పెట్టి, గుడ్డ చుట్టి, "అంకుల్‌కి ఇచ్చి రా. ఏం అనకు, ఇచ్చేసి రా" అంది. వెళ్ళి తలుపు తట్టాను. ఆయన తీశాడు. అదే ఇస్త్రీ చొక్కా. గిన్నె ముందుకి చాపాను. ఆవిరి మా ఇద్దరి మధ్యా లేస్తోంది. ఆయన ముక్కు దాన్ని పట్టేసింది, నాకు కనబడింది. కళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి.

"సారీ డియర్, వేరే ఫ్లాట్ అనుకుంటా" అని ఇంగ్లీషులో మెల్లగా అని, తలుపు చప్పుడు కాకుండా వేశాడు.

గిన్నె పట్టుకుని ఇంటికొచ్చాను. నాన్న లేచి కూర్చుని, "మళ్ళీ వెళ్ళి కొట్టవే. తియ్యకపోతే నేనొస్తాను" అన్నాడు. అంతకంటే ఎక్కువ నాన్న ఎప్పుడూ మాట్లాడలేదు.

"వద్దు" అంది అమ్మ. "ఎవరైనా చూస్తే?"

ముగ్గురం కాసేపు గోడ వైపు చూశాం. అవతల ఏం శబ్దం లేదు. తర్వాత అమ్మ మూత తీసింది. చల్లారితే బాగుండదని మూడు కంచాల్లో వడ్డించింది. పలావు చాలా బాగా కుదిరింది. నేను రెండోసారి కూడా వేయించుకున్నాను.